బావగారి ఎద్దులు

పొద్దున్నే చన్నీళ్ళ తొట్టిలో పెట్టిన చేతులు మధ్యాహ్నానికి మొద్దుబారిపోయాయి. అయినా ఎదెల్మీరా ఆల్చిప్పలు విప్పుతూనే ఉంది. కిలో మాంసం తీస్తే ఎనభై పెసోలు. ఆ రోజు ఇంకా పదకొండు కిలోలే అయ్యాయి. షెడ్డులో ఇరవైమంది ఆడవాళ్ళకి ఒక్కటే పొయ్యి, అది కూడా యజమాని కూర్చునే మూల ఉంది.

యజమాని బెలార్మీనో ఆమెకి స్వయానా బావగారు, చనిపోయిన ఆమె మొగుడు ఉర్బానోకి అన్న. చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి ఆమె తొట్టి దగ్గర ఆగాడు.

"పట్నం పోతున్నావటగా. మంచిదే. వెళ్ళేటప్పుడు తాళంచెవి నాకిచ్చి పో. చేపల కంపెనీ ఇంజనీర్లు ఇల్లు చూశారు, బాడుగకి దిగుతారట."

"ఎప్పుడు చూశారు బావగారూ?"

"మొన్న. నువ్విక్కడ పనిలో ఉన్నావులే."

తన మంచం, తన వంటిల్లు, ఉర్బానో చొక్కాలు తగిలించిన మేకు, అన్నీ పరాయి మగాళ్ళు తిరిగి చూసుకున్నారన్నమాట. ఎదెల్మీరా చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ చిప్పలోకి దిగింది. మనసులో మాత్రం అది వేరే చోట దిగింది.

ఉర్బానో ఈ బెలార్మీనో పడవ మీదే మునకలు వేసి సముద్రం అడుగు నుంచి చిప్పలు ఏరేవాడు. పోయిన ఏప్రిల్‌లో పద్నాలుగు బారల లోతున, పడవ నుంచి ఊపిరి అందించే గాలి గొట్టం తెగింది. అప్పటికే మూడు అతుకులున్న గొట్టం అది. తాగి దిగాడని అన్నగారు అధికారులకి చెప్పాడు. పనిరోజున ఉర్బానో చుక్క ముట్టడని దీవిలో అందరికీ తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఎవరింట్లో పొయ్యి వెలగాలన్నా ఆ షెడ్డులో పని ఉండాలి మరి.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ హెర్మిందా ఆమె చెయ్యి పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ ఒకే తొట్టి దగ్గర పని చేశారు.

"రెండు మూటలు కట్టుకుని పోవే. కెయ్యోన్ పట్నంలో మీ చెల్లెలుంది, పీతల ఫ్యాక్టరీలో పనుంది. ఇక్కడేముంది నీకు?"

"ఇల్లుంది."

"నేల ఆ బెలార్మీనోదేగా. మీ మామ పోగానే వాడి పేర రాయించుకున్నాడు."

"నేల వాడిదే. ఇల్లు నా మొగుడు కట్టాడు. అది నాతో తీసుకుపోతా."

మా దీవుల్లో ఇళ్ళన్నీ చెక్కవే, పునాదులుండవు, మొద్దుల మీద నిలబడి ఉంటాయి. కింద రెండు పెద్ద దుంగలు తోసి, ఎద్దులు కట్టి, ఊరంతా పట్టి లాగితే ఇల్లు కదులుతుంది. సముద్రంలోకి దించి, పడవకి కట్టి ఇంకో ఒడ్డుకి చేర్చినవాళ్ళూ ఉన్నారు. దానికి కూలి ఉండదు, తిండే. అయితే ఇంటివాళ్ళు ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళి వేడుకోవాలి. వేడుకున్నాక కాదనకూడదు. కాదన్నవాడి కప్పు గాలికి ఎగిరిపోయిన రోజున ఎవరూ రారు.

పట్నంలో చెల్లెలు నోల్ఫాకి ఒడ్డున, ఆటుపోట్ల బురదలో, కాస్త జాగా ఉంది. నువ్వొస్తే చాలు, గుంజలు నేను పాతిస్తానని ఎప్పుడో కబురు పంపింది. మూటలతో పోతే చెల్లెలి పంచన పడుండాలి. ఇంటితో పోతే తల ఎత్తుకుని బతకొచ్చు. అంతకంటే ముఖ్యంగా, బెలార్మీనోకి ఉత్త మొద్దులే మిగలాలి. ఈ రెండో ఆలోచనే ఎదెల్మీరాకి ఎక్కువ నచ్చింది. అందులో దాచేదేం లేదు.

"ఎవరొస్తారే?" అంది హెర్మిందా. "తాడు పట్టుకున్నవాళ్ళకి సోమవారం పనుండదు. నేనూ రాను. ముందే చెప్తున్నా, తర్వాత తిట్టుకోకు."

ఎదెల్మీరాకి కోపం రాలేదు. నాలుగడుగులు వేశాక అంది: "అయితే మొదట మా బావగారినే వేడుకుంటా."

హెర్మిందా ఆమె నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

మా దీవికి పాదిరీ ఏడాదికి రెండుసార్లు వస్తాడు. మిగతా ఆదివారాలు ప్రార్థన చెప్పించేది బెలార్మీనోనే. ఆ ఆదివారం ప్రార్థన ముగించి, పుస్తకం చంకలో పెట్టుకుని, చర్చి గుమ్మంలో అందరినీ పలకరిస్తున్నాడు. ఎదెల్మీరా నల్ల శాలువా కప్పుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. వేడుకోడానికి వచ్చినవాళ్ళు నిలబడే ఆ తీరు అందరికీ తెలిసిందే. చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరకి జరిగారు.

"బావగారూ, మిమ్మల్ని వేడుకోడానికొచ్చాను. శనివారం నా ఇల్లు కదిలిస్తున్నా. కెయ్యోన్ తీసుకుపోతా. మీ ఎద్దుల జత కావాలి, మీరూ రావాలి."

"ఇల్లు... ఇల్లెందుకమ్మా ఇప్పుడు? ఆలోచిద్దాం."

"వేడుకుంటే ఆలోచనలుండవు కదండీ. మీ షెడ్డు కప్పు లేచిపోయినప్పుడు నలభైమంది వచ్చారు. వాళ్ళలో మా ఆయనా ఉన్నాడు."

బెలార్మీనో చుట్టూ చూశాడు. ఆ నలభైమందిలో ఉర్బానో తప్ప అందరూ అక్కడే ఉన్నారు. ముసలి నిబాల్దో టోపీ తీసి చేతిలో తిప్పుతూ అతని మొహంలోకే చూస్తున్నాడు.

"వస్తాను," అన్నాడు, చంకలో పుస్తకం సర్దుకుంటూ.

ఆ మాట పడ్డాక మిగతావాళ్ళని అడగడం ఒక్క పూట పని అయింది. పనిచ్చే ఆయనే వస్తుంటే ఇక ఎవరికి భయం?

శనివారం ఎనిమిది జతలొచ్చాయి. దీవిలో అన్నిటికంటే బలమైన జత బెలార్మీనోది కాబట్టి దాన్నే ముందు కట్టారు. కిటికీలు ఊడదీసిన ఇల్లు ఒకసారి మూలిగి, పక్కకి ఒరిగి, తర్వాత కదిలింది. దగ్గరుండి లాగిస్తున్న నిబాల్దో కేకేశాడు.

"ముందు జత మెత్తబడింది. ఏం బెలార్మీనో, నీ ఎద్దులకి మేత వెయ్యవా, మాకు కూలిచ్చినట్టే ఇస్తావా?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఇరవైయేళ్ళలో అతని మొహం మీద ఎవరూ నవ్వలేదు. హెర్మిందా తాడు పట్టుకునే నవ్వుతోంది. బెలార్మీనో ముల్లుకర్రతో తన ఎద్దుల్ని పొడుస్తూ, బాడుగకి ఇవ్వాల్సిన ఇంటిని తనే వాలు దిగలాగాడు. అతని చెమట చూస్తుంటే ఎదెల్మీరాకి హాయిగా ఉంది.

ఇల్లు ఒడ్డు ఇసుకలో ఆగింది. పోటు రాగానే తేలుతుంది. ఈలోగా గుంతలో కాలిన రాళ్ళ మీద ఉడికించిన బంగాళాదుంపలు, పందిమాంసం, చిప్పలు అందరికీ వడ్డించింది. బెలార్మీనో కంచం అందుకుని గొంతు తగ్గించాడు.

"మన మధ్య ఏ గొడవా లేదని వీళ్ళతో ఒక్క మాట చెప్పు ఎదెల్మీరా. వచ్చి లాగాను కదా."

ఆమె గొంతు తగ్గించలేదు. "చెప్పను. లాగినందుకు తిండి పెట్టాను, కడుపునిండా తినండి. చెప్పాల్సింది మీరు. ఆ గొట్టంతో నా మొగుణ్ణి పద్నాలుగు బారలు దింపిందెవరో ఇక్కడే చెప్పండి. తాగి దిగాడన్నది అబద్ధమని చెప్పండి."

"వాడు నా తమ్ముడే..."

"అదే అడుగుతున్నా."

నీళ్ళు ఇంటి కింది దుంగల్ని తాకాయి. ఎక్కమని పడవవాడు కేకేశాడు. ఎదెల్మీరా కదల్లేదు. హెర్మిందా తింటున్న కంచం ఇసుకలో పెట్టి లేచి ఆమె పక్కన నిలబడింది. తర్వాత నిబాల్దో లేచాడు. తర్వాత షెడ్డు ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. వెనక ఇల్లు మెల్లగా తేలుతోంది. ఎవరూ అటు చూడలేదు. అందరూ బెలార్మీనో ఏం చెప్తాడా అని చూస్తున్నారు.