నాలుగు వేళ్ల డీజిల్

మామగారు మూడోసారి డీజిల్ మింగిన రోజు డాక్టరు మందులేమీ రాయలేదు. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వైపు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని కవర్లో పెట్టి కోడలి చేతికిచ్చాడు.

“కడుపులోకి వెళ్తే కడుపు ఎలాగో సర్దుకుంటుందమ్మా. ఊపిరితిత్తులు సర్దుకోవు. ఈసారి ఒక్క గుక్క అటు పోయిందంటే నా దగ్గరికి తేవద్దు. నేను చేసేదేమీ ఉండదు.”

మామగారు బల్ల మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. దగ్గు ఆగాక, ఆ డాక్టరుకి ట్రాక్టరు ఉందా అని అడిగాడు. లేదంది కోడలు. అనుకున్నానన్నాడు.

ఇంటి వెనక పెరట్లో రెండు వందల లీటర్ల ఇనుప డ్రమ్ము నిలబడి ఉండేది. ట్రాక్టరుకి డీజిల్ పట్టాలంటే పద్ధతి ఒక్కటే. నల్ల రబ్బరు పైపు ఒక కొస డ్రమ్ములోకి దింపాలి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాలి, డీజిల్ పెదాలకి తగలబోయే క్షణంలో పైపు తీసి బకెట్లో పెట్టాలి. ఆ క్షణం ఎప్పుడొస్తుందో మామగారికి ముప్పై ఏళ్లుగా తెలుసు. గత రెండేళ్లుగా కాస్త ఆలస్యంగా తెలుస్తోంది.

కోడలిది వెల్డింగ్ పని. వీధి వైపు గదిలోనే షాపు. గేట్లు, కిటికీ చువ్వలు, బండి తొట్లు చేస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే ఇనుప యాంగిల్ ముక్కలు కోయడం మొదలుపెట్టింది. మూడు రోజుల్లో స్టాండు తయారైంది. ట్రాక్టరు ట్యాంకు మూతి కంటే జానెడు ఎత్తు, కింద సిమెంటు దిమ్మె, పైన రేకు, డ్రమ్ము దొర్లిపోకుండా రెండు ఒంపు పట్టీలు. నిప్పు రవ్వలు డీజిల్ దగ్గరికి పోకూడదని వెల్డింగంతా షాపులోనే ముగించి, పెరట్లో బోల్టులు మాత్రమే బిగించింది.

డ్రమ్మును పైకెక్కించడానికి భర్త, మెకానిక్ సాయం పట్టారు. భర్త రోజుకు పది మాటలు మించి మాట్లాడడు. మెకానిక్‌ని అందరూ పానా అంటారు, జేబులో అది లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు.

“అక్కా, ఇది ఖాళీ డ్రమ్మేనా?” అన్నాడు పానా, ముఖం ఎర్రబడి.

అడుగున నాలుగు వేళ్ల డీజిల్ ఉంది. మామగారు దాన్ని ఎప్పుడూ తీయడు. పైపు అడుగుదాకా దించనివ్వడు, ఇంకొకరు దించినా ఊరుకోడు. కోడలు కాపురానికొచ్చి పదకొండేళ్లు, ఆ నాలుగు వేళ్లు ఆవిడ కంటే ముందు నుంచి ఉన్నాయి. ముసలాయన పిసినారితనంలో ఇదొక కొత్త రకమని ఆవిడ ఎప్పుడో తేల్చేసుకుంది. ఉన్నది పారబోయడం ఎందుకని అలాగే ఎక్కించేశారు.

డ్రమ్మును పట్టీల మీద అడ్డంగా పడుకోబెట్టి, మూత వైపు కింది కన్నానికి కుళాయి, దానికి గొట్టం, గొట్టం చివర ట్రిగ్గరున్న ముక్కు బిగించింది. పై కన్నానికి గాలి పోయే గొట్టం వంచి పెట్టింది. క్యాన్లతో డీజిల్ ఇంటికి తెచ్చిచ్చే డబ్బాలాయన చేతి పంపుతో డ్రమ్ము నింపాడు. ట్రాక్టరు ట్యాంకు నాలుగు నిమిషాల్లో నిండింది. ఎవరి నోరూ అవసరం పడలేదు.

మామగారు ముక్కాలి పీట మీద కూర్చుని అంతా చూశాడు.

“నాలుగు వేళ్లు వదిలావా?” అన్నాడు.

“ఇందులో వదలక్కర్లేదు మామయ్యా. చివరి బొట్టుదాకా వస్తుంది.”

ఆయన పీట తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున భర్త విత్తనాల గొర్రు కట్టుకుని పొలానికి వెళ్లాడు. ఎల్లుండి సాయంత్రానికి వాన అని రేడియో చెప్పింది. రెండు సాళ్లు పోశాడు. మూడో సాలు మధ్యలో ట్రాక్టరు రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది.

పానా వెళ్లి ఫిల్టరు కింది గాజు గిన్నె విప్పి తెచ్చి పెరట్లో అందరి ముందూ ఎండకి పట్టుకున్నాడు. పైన డీజిల్. కింద, ముత్యాల్లా దొర్లుతూ, నీళ్లు.

“ట్యాంకు మొత్తం కడగాలి, పైపులు ఊదాలి. సాయంత్రమవుతుంది. రేపు పొద్దున్న మంచి డీజిల్ పొయ్యండి,” అన్నాడు.

మంచి అన్న మాట దగ్గర అందరూ స్టాండు వైపు చూశారు. ఒక్క మామగారు మాత్రం కోడలి వైపు చూశాడు. గెలిచినవాడి ముఖం కాదది. నిమ్మకు నీరెత్తినట్టు ఉంది, అదే ఎక్కువ బాధ పెట్టింది.

“నా పైపు ముప్పై ఏళ్లు పట్టింది. ఒక్క చుక్క నీళ్లు పోయలేదు,” అన్నాడు. “రేపు పొద్దున్న నేనే పడతాను.”

కోడలు డాక్టరు మాట గుర్తుచేసింది. మామగారు విన్నాడు. అటక మీద దాచిన పైపు ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోనని భార్యతో చెప్పాడు. చివరికి ఒక్క మెట్టు దిగాడు: ఆ నీళ్లు ఎక్కడివో రేపు పొద్దున్నలోగా తేలిస్తే ఆలోచిస్తాను. లేకపోతే పైపే.

ఒక పగలు, ఒక రాత్రి. కోడలు షాపు తలుపు మూసి విచారణ మొదలుపెట్టింది.

మొదటి అనుమానం డబ్బాలాయన మీద. అతను బండి ఆపి, మూడు క్యాన్ల అడుగు నుంచి మూడు గాజు సీసాలు నింపి అరుగు మీద పెట్టాడు. గంట గడిచినా మూడింట్లోనూ అడుగున ఏమీ తేరలేదు.

“నీళ్లు కలిపేవాణ్నయితే పాలు అమ్ముకునేవాణ్ని కదమ్మా,” అని సీసాలు వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు.

ఇక మిగిలినవాళ్లు ఇంట్లోవాళ్లే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, కానీ ఈశ్వరుడికి అత్తగారి సాయం ఉండి ఉండదు. ఆవిడ వెనక వసారాలో కూర్చుని విత్తనాల గోనె సంచులకి దబ్బనంతో కుట్లు వేస్తోంది. కోడలు పక్కన చతికిలబడింది. స్టాండు పాడైతే లాభం ఎవరికి? పైపు మళ్లీ అటక దిగితే సంతోషం ఎవరికి? నిన్నంతా పెరట్లో ఒంటరిగా ఉన్నది ఎవరు? పేరు చెప్పకుండానే మొత్తం కేసు చెప్పింది.

అత్తగారు కుట్టు ముడి వేసి, దారం పంటితో తెంపింది.

“మీ మామయ్య డ్రమ్ములో నీళ్లు పోశాడంటావు.”

“అనడం లేదు అత్తయ్యా. అడుగుతున్నాను.”

“పొయ్యాలంటే ముందు తోడాలి కదే. పెళ్లయ్యాక ఆయన ఒక్క చెంబుడు నీళ్లు తోడగా నేను చూడలేదు. ఇప్పుడు నీ కోసం మొదలుపెడతాడా?”

సాక్ష్యం బలంగా ఉంది. కోడలు ఆ పేరు కొట్టేసింది.

డ్రమ్ము ముప్పై ఏళ్లు నిలబడ్డ చోటికి వెళ్లింది. మట్టిలో గుండ్రటి గుర్తు ఉంది. పైన చూరు లేదు, చెట్టు లేదు, ఆకాశమే. తిరిగొచ్చి డ్రమ్ము మూత చూసింది. నిలబడి ఉన్నప్పుడు అదే పైభాగం. అంచు గట్టులా లేచి ఉంది, లోపల పళ్లెంలా గుంట. ఆ పళ్లెంలో మూత బిరడాల చుట్టూ తుప్పు వలయాలు, ఒకదానిలో ఒకటి, ఎన్ని వానలు నిలిచి ఎండిపోయాయో లెక్క పెట్టుకోమన్నట్టు. అన్నీ ఎండిపోయి ఉంటాయా?

ఎక్కించేటప్పటి బరువు గుర్తొచ్చింది. నేరుగా మామగారి దగ్గరికి వెళ్లింది.

“ఆ నాలుగు వేళ్లు ఎందుకు వదిలేవాళ్లు మామయ్యా?”

“మా నాన్న వదలమన్నాడు.”

“ఎందుకన్నారు?”

“అడగలేదు. మా నాన్నని ఎవరూ ఏదీ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు నన్ను అందరూ అన్నీ అడుగుతున్నారు.”

కోడలు షాపులో ఖాళీ ఆయిల్ డబ్బా ఒకటి తీసింది. లోపల గుడ్డతో పొడిగా తుడిచి, మూత మామూలుగా బిగించి, మిట్టమధ్యాహ్నం ఎండలో రేకు మీద పెట్టింది. చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక నీడకి తెచ్చి, మూత చుట్టూ గుంటలో చల్లటి నీళ్లు పోసింది. పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. మొదట మూత అంచు నుంచి రెండు బుడగలు పైకొచ్చాయి. తర్వాత రావడం ఆగింది. డబ్బా చల్లారేకొద్దీ నీటి మట్టం వెంట్రుకవాసి చొప్పున దిగసాగింది. కాలిన చెయ్యి ఊదుకునే మనిషి ఊపిరి లోపలికి తీసినట్టు, డబ్బా నీళ్లని లోపలికి తీసుకుంటోంది.

పొద్దున్నే తూర్పున మబ్బు పట్టింది. వాన రేడియో చెప్పినదాని కంటే ముందే వచ్చేలా ఉంది. భర్త కడిగిన ట్రాక్టరు తెచ్చి స్టాండు పక్కన నిలిపి, నీళ్లెక్కడివన్నట్టు భార్య వైపు కనుబొమలు ఎగరేశాడు. కోడలు డబ్బా మామగారి చేతికిచ్చి ఊపమంది. లోపల గళగళమంది.

ఆవిడ చెప్పింది: ఎండకి డ్రమ్ము వేడెక్కి గాలి వదులుతుంది, వాన పడగానే చల్లబడి పీలుస్తుంది. పీల్చేటప్పుడు మూత మీద నిలిచిన నీళ్లు మర సందుల్లోంచి లోపలికి పోతాయి. డీజిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. నేరం చేసింది ఎవరూ కాదు, ముప్పై ఏళ్ల వానలు.

మామగారు డబ్బాను ఇంకోసారి ఊపి విన్నాడు.

“అంటే నా నాలుగు వేళ్లలో ఉన్నది నీళ్లు.”

“సగం పైన నీళ్లే.”

“అందుకే నా పైపు అడుగు ముట్టుకోలేదు. నీ కుళాయి అడుగునే ఉంది.” డబ్బా కింద పెట్టాడు. “నీళ్లు ఎక్కడివో తేల్చావు. తప్పు నాది కాదని కూడా తేల్చావు. ఆలోచిస్తానన్నాను. ఆలోచించాను.”

అని అటకెక్కి పైపు దింపుకొచ్చాడు.

కోడలు మింగలేక కక్కలేక నిలబడింది. నిచ్చెన వేసుకుని ఆయన గాలి గొట్టం విప్పి, డ్రమ్ము పై కన్నంలోకి పైపు దించాడు, కిందికి దిగాడు, రెండో కొస నోట్లో పెట్టుకున్నాడు. భర్త ఒక అడుగు ముందుకేశాడు. అత్తగారు వసారాలోంచి లేవలేదు.

మామగారు పీల్చాడు. ఏమీ రాలేదు.

పైపు తీసి చూశాడు. మళ్లీ పెట్టుకుని, బుగ్గలు లోపలికి పోయేదాకా పీల్చాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మూడోసారికి మెడ నరాలు పొంగాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎక్కడో సన్నగా ఈల వినిపించింది. అది తన గుండెల్లోంచే వచ్చిందని ఆయన అనుకున్నట్టుంది. అరచెయ్యి ఎదురు రొమ్ము మీద పెట్టుకున్నాడు.

నెమ్మదిగా పీట మీద కూర్చున్నాడు.

“ఊపిరి చాలట్లేదమ్మాయ్,” అన్నాడు. ఎవరినీ తప్పుపట్టకుండా ఆయన అన్న మొదటి మాట అది.

తర్వాత ఆయనే పైపును కాలితో పక్కకి తోసి, డ్రమ్ము వైపు వేలు చూపించాడు.

“కుళాయి వైపు ఎత్తు. నాలుగు వేళ్లు.”

భర్త, కోడలు కలిసి ముందు పట్టీ కింద చెక్క దిమ్మె దోపారు. డ్రమ్ము వెనక్కి వాలింది. నీళ్లు, మడ్డి ఏమున్నా వెనక అడుగుకి చేరతాయి, కుళాయికి మంచి డీజిల్ అందుతుంది. అరగంట ఆగి సీసాలోకి పట్టి చూశారు. తేటగా ఉంది. మామగారు సీసా అడిగి, ఎండ లేకపోయినా ఎండ ఉండాల్సిన వైపుకి పట్టి చూసి, వాసన చూశాడు. నాలుక బయటికి రాబోయింది. కోడలు సీసా వెనక్కి తీసుకుంది.

ట్రాక్టరు వెళ్లింది. చివరి సాలు పోస్తుండగా మొదటి చినుకు పడిందని భర్త ఆ సాయంత్రం చెప్పాడు. ఆయన ఆ రోజు మాటల్లో అవి సగం.

అప్పటి నుంచి వారానికోసారి దిమ్మె తీసి, డ్రమ్మును ముందుకి వంచి, అడుగు మడ్డి సీసాలోకి పట్టే పని మామగారిది. నీళ్లు ఎన్ని వేళ్లు తేరాయో గోడ మీద సుద్దముక్కతో గీస్తాడు. ఇంకెవరూ ఆ దిమ్మెని ముట్టుకోకూడదు.

పైపును షాపులో మేకుకి తగిలిద్దామని కోడలు తీసింది. చెయ్యి జారుతూ ఒక చోట గరుకు తగిలింది. పైపు వంచి చూసింది. నోట్లో పెట్టుకునే కొసకి మూరెడు దూరంలో మూడు కన్నాలు, వరసగా, సూదిమందు గుర్తుల్లా. పీలిస్తే డీజిల్ కంటే ముందు గాలి వస్తుంది. ఈల కూడా వస్తుంది.

పైపు పట్టుకుని వసారాలోకి వెళ్లింది. అత్తగారు సంచి కుడుతోంది. కోడలు ఆవిడ చేతిలోని దబ్బనం తీసుకుని వాసన చూసింది.

“తుప్పు పట్టకుండా కాస్త డీజిల్ రాశాను,” అంది అత్తగారు.

“ఎప్పుడు రాశారు?”

“మీరు ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం.”

వెనక పెరట్లోంచి మామగారి గొంతు, దిమ్మె ఎవరు కదిపారని నిలదీస్తోంది. ఊపిరికి ఏ లోటూ ఉన్నట్టు లేదు. అత్తగారు చెయ్యి చాపింది. కోడలు దబ్బనం తిరిగి ఇచ్చేసి, పైపు తీసుకుని షాపులోకి వెళ్లి, కన్నాలు గోడ వైపు ఉండేలా మేకుకి తగిలించింది.