పెద్ద బూర పరీక్ష

ఆపరేషన్ అయిన రెండున్నర నెలలకి, మెట్లెక్కుతుంటే ఎడమ పక్కన ఆ పాత బరువే మళ్ళీ లాగింది. బూరాయన మూడో మెట్టు మీదే ఆగిపోయి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. నయం. చూసేవాళ్ళుంటే నొప్పికి తోడు సిగ్గు కూడా పడాలి.

బ్యాండులో ఆయన ఊదేది పెద్ద బూర. ఒంటికి చుట్టుకుని భుజం మీద కూర్చునే పన్నెండు కిలోల ఇత్తడి. ఇరవై రెండేళ్ళు దాన్ని మోసి, కడుపు బిగించి ఊదాక, ఎడమ వృషణం పైన నరాలు ఉబ్బాయి. దాన్ని వేరికోసిల్ అంటారని చెప్పి డాక్టరు కోసి ముడేశాడు. బూర వల్లే వచ్చిందా అంటే, చెప్పలేం అన్నాడు. చెప్పలేం అనడానికి కూడా పదేళ్ళు చదవాలి కాబోలు. ఇంటికి పంపేటప్పుడు మాత్రం ఒక ముక్క అన్నాడు: నొప్పి కొన్నాళ్ళు ఉండొచ్చు, కొద్దిమందికి నరాలు మళ్ళీ ఉబ్బుతాయి, అలా అనిపిస్తే రండి అని. జీవితంలో ఏ మంచి జాబితాలోనూ లేనివాడు ఇలాంటి జాబితాలో లేకుండా పోతాడా అని బూరాయన అప్పుడే తేల్చేసుకున్నాడు.

బ్యాండులో వాళ్ళకి తొడలో నరం తీశారని చెప్పాడు. ఏ తొడ అని డ్రమ్మువాడు రోజూ అడిగేవాడు. బూరాయన సోమవారం కుడి అని, బుధవారం ఎడమ అని చెప్పి దొరికిపోయాడు. అప్పట్నించీ ఈయన కూర్చున్నా లేచినా నవ్వులే.

నవ్వుల సంగతి అలా ఉంచితే, ఆదివారం పార్కులో కొత్త వేదిక మీద కచేరీ ఉంది. ఊదొచ్చని డాక్టరు చేత రాయించిన కాగితం శనివారంలోగా తెస్తే సరే, లేకపోతే పెద్ద బూర డ్రమ్మువాడి బావమరిది చేతికి పోతుందని బ్యాండు మాస్టారు తెగేసి చెప్పాడు. ఆ బావమరిది ఊదితే నేల మీద బీరువా ఈడ్చినట్టుంటుంది. కానీ ఒకసారి చెయ్యి మారిన బూర వెనక్కి రాదని బూరాయనకి తెలుసు. ఆయన చేతికి వచ్చిందీ అలాగే.

భార్యకి చెప్పలేదు. ఆవిడకి చెప్పనక్కర్లేదు కూడా. అన్నం ముందు ఆయన ఒక పక్కకి ఒరిగి కూర్చోవడం చూసి అడిగింది.

"ఎన్నాళ్ళనించి?"

"ఏది?"

"అదే."

"నాలుగు రోజులు."

"అంటే పది," అని లెక్క సరిచేసి, గురువారం పొద్దున్నే ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

స్కాన్ తీసే అమ్మాయి చల్లటి జిగురు రాసి, నిలబెట్టి, గాలి నిండా పీల్చి, నోరు మూసి ముక్కమంది. అలా ముక్కినప్పుడు రక్తం వెనక్కి మళ్ళితే నరం మళ్ళీ చెడ్డట్టు. బూరాయన బుగ్గలు పూరించి నిలబడ్డాడు. అమ్మాయి అటూ ఇటూ చూసి, ఏమీ లేదని కాగితం రాసిచ్చింది. ఆయనకి నేల మీద కాలు నిలవలేదు.

బస్సులో భార్య, ఎలా ముక్కావో చూపించమంది. మళ్ళీ బుగ్గలు పూరించాడు. ఆవిడ ఆయన ముక్కు కింద వేలు పెట్టింది.

"గాలి ఆడుతోంది కదయ్యా. ఇదేం ముక్కడం?"

బూరాయన తన ముక్కు కింద తనే వేలు పెట్టి చూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు. బుగ్గల్లో గాలి బూరలోకి పోతుంటే ముక్కు దాని పాటికి అది పీలుస్తూ ఉంటుంది. బుగ్గలు పొంగడమే తప్ప కడుపులో బిగువు పడనే లేదు. ఆ అమ్మాయి చూసింది ముక్కిన మనిషిని కాదు.

అయినా కాగితం చేతిలో ఉంది. మాస్టారికి కావలసింది అదే. ముక్కు సంగతి ఎవడడుగుతాడు? రెండు స్టాపుల దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఆ మాటే తిప్పి తిప్పి అన్నాడు. ఆవిడ విని విని ఒకటే అంది:

"మాస్టారికి కాగితం చాలు. మరి నీకు?"

శుక్రవారం మళ్ళీ వెళ్ళాడు, ఈసారి పెద్ద బూరతో. ఉత్తి నోటితో తనకి ముక్కడం చేతకాదని, బూరలో అన్నిటికన్నా కిందుండే అడుగు స్వరం ఊదితేనే కడుపు నిజంగా బిగుస్తుందని చెప్పాడు. డాక్టరు చాలాసేపు నవ్వి, ఈ పరీక్ష తనే చూస్తానని వచ్చాడు. బూర తలుపులో పట్టక అడ్డంగా తిప్పాల్సి వచ్చింది. స్వరం అందుకోగానే ట్రేలో కత్తెరలు గలగలలాడాయి.

"కదలకండి సార్," అంది స్కాన్ అమ్మాయి.

"నేను కాదమ్మా, గోడ."

బయట వరండాలో కిడ్నీ స్కాన్ కోసం కూర్చున్న ముసలాయన, తర్వాతి పాట ఏమిటని తలుపు సందులోంచి అడిగాడు. భార్య తలుపు మూసింది.

డాక్టరు తెర మీదే కళ్ళుంచి మూడుసార్లు ఊదించాడు. చివరికి, ఒక చిన్న నరం కాస్త వెడల్పైంది గానీ రక్తం వెనక్కి మళ్ళడం లేదన్నాడు. నొప్పి కోసిన చోటు మానుతూ లాగడం వల్ల కావచ్చట. నిలబడి బరువు మోస్తే ఇంకా లాగుతుంది. కూర్చుని, బూరని స్టాండు మీద పెట్టి ఊదుకోవచ్చు. ఆరు నెలలకి మళ్ళీ చూపించుకోవాలి. ఇదంతా రాసి కాగితం చేతిలో పెట్టాడు.

"మళ్ళీ వస్తుందా సార్?"

"రావచ్చు. ఇవాళైతే రాలేదు."

అంత ముక్కుసూటి మాట డాక్టరు నోటి నించి వస్తుందని బూరాయన కలలో కూడా అనుకోలేదు.

శనివారం ఈ సంగతి విని మాస్టారు మొహం మాడ్చుకున్నాడు. తన బ్యాండు పుట్టిన దగ్గర్నించీ నిలబడే వాయించిందని, మధ్యలో ఒకడు కూర్చుంటే చుట్టపుచూపుగా వచ్చినట్టుంటుందని అన్నాడు. బూరాయన కాగితం ఆయన జేబులో పెట్టి, తొడ కాదు, ఫలానా చోట ఆపరేషన్ అని అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఎవరూ నవ్వలేదు. డ్రమ్మువాడు మాత్రం దగ్గరికొచ్చి, తనకీ ఆ పక్కనే ఎప్పట్నించో లాగుతోందని, ఆ డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడని గొంతు తగ్గించి అడిగాడు.

ఆదివారం బూరాయన కుర్చీలో కూర్చుని ఊదాడు. రెండో పాటకీ మూడో పాటకీ మధ్య ఒకసారి లాగింది. కాస్త సర్దుకుని కూర్చున్నాడు. అప్పటికే డ్రమ్మువాడు కూడా ఒక కుర్చీ తెప్పించుకున్నాడు. క్లారినెట్ వాళ్ళిద్దరూ, మోకాళ్ళున్నాయి కదా అని, బెంచీ లాక్కున్నారు. ఆఖరి పాట వేళకి వేదిక మీద నిలబడి ఉన్నవాడు మాస్టారొక్కడే. ఆయనకి కుర్చీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు.