తడవని గచ్చు

బడి మెరుగుదల ప్రణాళిక కోసం పెట్టుకున్న సమావేశంలో మొదటి గంటంతా ముఖద్వారం రంగు మీదే గడిచిపోయింది. కమిటీ అధ్యక్షుడు, వీధి చివర ఇనుప సామాన్ల కొట్టాయన, నీలం వేద్దామన్నాడు. లెక్కల మాస్టారు పసుపైతే దూరానికి కనబడుతుందన్నారు. పెద్ద టీచరమ్మ ఇద్దరికీ తలూపుతూనే, సమీక్షకు వచ్చిన అధికారి ముందున్న కాగితాల వైపు ఓరగా చూస్తోంది.

ఆవిడకు బెంగేమీ లేదు. కొత్త టీచరుగా అడుగుపెట్టింది ఈ బళ్ళోనే, పెద్ద టీచరయింది ఈ బళ్ళోనే. ఇక్కడ చీమ చిటుక్కుమన్నా తనకు తెలుస్తుందని ఆవిడ నమ్మకం. అంత నమ్మకం ఉండబట్టే సొంత మనవరాలు బుల్లిని ఒకటో తరగతిలో ఇక్కడే చేర్పించింది.

అధికారి బక్కపలచటి మనిషి, మాట పొదుపు. రంగుల గొడవ సద్దుమణిగాక మెల్లగా అడిగాడు.

"మధ్యాహ్నం సంగతి చూద్దామా మేడం? పొద్దున చకచకా చదివిన పిల్లలే మధ్యాహ్నానికి వాడిపోతున్నారు. తలనొప్పి, కడుపునొప్పి అని సగం పూటకే ఇంటికెళ్ళే వాళ్ళు ఎక్కువున్నారు. అందులోనూ ఆడపిల్లలు. ఎందుకంటారు?"

తలో కారణం చెప్పారు. ఎండ అన్నారొకరు. రాత్రి పొద్దుపోయేదాకా టీవీ అన్నారింకొకరు. "తిండి పడగానే నిద్ర. మనకు రాదా ఏంటి?" అన్నారు లెక్కల మాస్టారు. రెండు ఫ్యాన్లు కొనాలనీ, లెక్కల పీరియడు పొద్దుటికి జరపాలనీ, మధ్యాహ్నం ఆగిన పిల్లలకు బహుమతులివ్వాలనీ ప్రణాళికలో రాయబోతుండగా విరామం గంట కొట్టారు. బుల్లి తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"అమ్మమ్మా, లేసు ఊడింది."

పెద్ద టీచరమ్మ మొహమాటంగా నవ్వి, పిల్ల కాలు తన ఒళ్ళోకి తీసుకుంది. అధికారి పిల్ల మెడలో వేలాడుతున్న సీసా వైపు చూశాడు. నీళ్ళు మూతి దాకా ఉన్నాయి.

"ఇవి పొద్దున అమ్మ పోసిన నీళ్ళేనా?"

"ఊఁ."

"ఒక్క గుక్కా తాగలేదే. దాహం వెయ్యలేదా?"

"వేసింది."

"మరి?"

పిల్ల అమ్మమ్మ మొహం చూసింది. ఇంత పెద్దవాళ్ళకు ఇదీ తెలియదా అన్నట్టు చెప్పింది. "తాగితే ఒకటికొస్తుంది కదా."

"వస్తే వెళ్ళొచ్చు కదా తల్లీ."

"బళ్ళో ఎవరూ వెళ్ళరు. పెదాలు తడుపుకోవాలంతే. మరీ దాహమైతే నోట్లో పోసుకుని ఉమ్మెయ్యాలి. అక్కలు నేర్పారు."

కొట్టాయన నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్వు గొంతులోనే మింగేశాడు.

పెద్ద టీచరమ్మ చేతిలో లేసు అలాగే ఉండిపోయింది. సాయంత్రం ఇంటికెళ్ళగానే ఈ పిల్ల బూట్లయినా విప్పకుండా వంటింట్లోకి పరుగెత్తి, గ్లాసు మీద గ్లాసు తాగడం ఆవిడ కళ్ళ ముందు మెదిలింది. "మన ఇంటి ఒంటె వచ్చిందర్రా" అని తనే రోజూ నవ్వించేది.

అయిదో తరగతి ఆడపిల్లల్ని పిలిపించారు. గోడకు ఆనుకుని కాలి వేళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. అధికారి తనుంటే చెప్పరని గ్రహించి, కొట్టాయన్నీ మాస్టారునీ వెంటబెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. అప్పటికి ఒక పొడుగు పిల్ల నోరు విప్పింది.

"మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు మేడం. నిరుడు ఒకమ్మాయి లోపలుంటే ఎవరో తలుపు తోసేశారు. అందరూ చూశారు. ఆ అమ్మాయికి పేరు కూడా పెట్టారు."

ఎవరి గురించో పెద్ద టీచరమ్మకు తెలిసింది. బాగా చదివే పిల్ల, ఉన్నట్టుండి మానేసింది. "వాళ్ళు ఇల్లు మారారని కదా చెప్పారు?"

"మారలేదు మేడం. మా పక్కిల్లే. ఇప్పుడు దూరం బడికి నడిచి వెళ్తోంది."

ఆవిడ లేచి, ఎవరినీ రమ్మనకుండా బడి వెనకున్న మరుగుదొడ్ల వైపు నడిచింది.

చూడని చోటేమీ కాదు. ప్రతి సోమవారం గుమ్మం దాకా వచ్చి తొంగి చూసేది. గచ్చు పొడిగా, తెల్లగా, అద్దంలా ఉండేది. ఆయమ్మను మెచ్చుకుని వెళ్ళిపోయేది. సమీక్ష కోసం పంపిన నివేదికలో కూడా మరుగుదొడ్ల శుభ్రత చాలా బాగుందని స్వయంగా రాసింది. ఇన్నేళ్ళలో గుమ్మం దాటి లోపలి తలుపు తియ్యడం ఇదే మొదలు.

లోపల సాలెగూడు దొడ్డికి అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొస దాకా అల్లుకుని ఉంది. గచ్చు మీద సన్నటి దుమ్ము, దాని మీద ఒక్క పాదం గుర్తు లేదు. తలుపుకి గడియ ఉండాల్సిన చోట తుప్పు పట్టిన మేకు రంధ్రాలున్నాయి. ఆవిడ తలుపు వేసింది. అది కిర్రుమంటూ తనంతట తనే తెరుచుకుంది. మళ్ళీ వేసి, కూర్చుని ఒక చేత్తో పట్టుకోగలనా అని వంగి చూసింది. అందలేదు. తనకే అందకపోతే బుల్లి చెయ్యి ఏపాటిది? తల మీద కిటికీకి రెక్క ఊడిపోయి ఉంది. సందులో సైకిలు మీద పోతున్న మనిషి తల అందులోంచి కనబడి మాయమైంది.

కంపు కొడుతుంటే ముక్కు మూసుకుని తిట్టి ఉండేది, ఆ రోజే బాగు చేయించి ఉండేది. ఈ శుభ్రమే తన కళ్ళు కప్పేసింది.

వెనకాలే వచ్చిన ఆయమ్మ చీపురు పట్టుకుని నిలబడిపోయింది. "నేను పైపైన తుడిచి పోతన్నానమ్మా. మురికే ఉండకపోయె. పిల్లలు బుద్ధిమంతులనుకున్నా."

గదిలోకి తిరిగొచ్చాక పెద్ద టీచరమ్మ తన కుర్చీ వెనక మేకుకి ఉన్న తాళంచెవి తీసింది. అది టీచర్ల దొడ్డిది. తీసుకెళ్ళి వరండాలో, పిల్లల చేతికి అందేంత ఎత్తున తగిలించింది.

అధికారి ఆవిడ నివేదిక ముందుకు జరిపాడు. "దీన్నేం చెయ్యమంటారు మేడం?"

"కొట్టెయ్యండి సార్. మీరు చూసింది రాయండి."

కొట్టాయన అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు. "ఆ రంగు సంగతి తర్వాత. గడియలు నా కొట్లో పడున్నాయి, తెస్తానుండండి."

ఆ వారంలోనే గడియలు పడ్డాయి. కిటికీకి రెక్క వచ్చింది, లోపల దీపం వెలిగింది. పెద్ద టీచరమ్మ ప్రతి తరగతికీ వెళ్ళి, ఇక భయం లేకుండా వెళ్ళొచ్చని చెప్పింది. అయినా సాయంత్రం గేటు దగ్గర నిలబడి చూస్తే సీసాలన్నీ నిండుగానే ఇంటికి పోతున్నాయి. బుల్లి సీసా కూడా.

ఇంటికొచ్చి కూతురి దగ్గర వెళ్ళబోసుకుంది. కూతురు ఉతికిన బట్టలు మంచం మీద కుప్పపోసి మడతపెడుతోంది.

"అన్నీ చేయించానే. అయినా ఒక్కతీ వెళ్ళదు. ఇంకేం చెయ్యమంటావు?"

"ఎలా వెళ్తారమ్మా? అందరి ముందూ లేచి చెయ్యెత్తి అడగాలి. మీరేమో 'విరామంలో ఏం చేశావ్?' అంటారు. వెనక బెంచీ వాళ్ళు కిసకిసా నవ్వుతారు. దానికంటే నోరు కట్టుకోవడం నయం."

"బుల్లి చెప్పిందా?"

"బుల్లి చెప్పడమేంటి? నేను చదివిందెక్కడ? మీ బళ్ళోనే కదా."

పెద్ద టీచరమ్మకు మాట వెంటనే తలకెక్కలేదు. "నువ్వూ తాగేదానివి కాదా?"

"ఎవరూ తాగేవాళ్ళం కాదు." కూతురు దిండుగలీబు దులిపింది. "చిన్నప్పుడు నాకు మాటిమాటికీ ఒకటికెళ్తే మంట, జ్వరం వచ్చేవి గుర్తులేదూ? డాక్టరు నీళ్ళు పట్టించమంటే నువ్వు రాత్రిళ్ళు చెంబులు చెంబులు తాగించేదానివి."

గుర్తుంది. ఆ జ్వరాలకు ఆవిడ చేయని వైద్యం లేదు. పిల్లది అర్భకపు ఒళ్ళని చుట్టాలందరికీ చెప్పుకుంది. తను పక్క తరగతి గదిలో పాఠం చెబుతుంటే, గోడకవతల సొంత కూతురు నాలుక పిడచగట్టుకుని కూర్చుందన్నమాట.

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్పుకునే విషయమా అమ్మా అది? బడంటే అంతే అనుకున్నాం."

"మరి నీ కూతుర్ని ఎలా పంపావు?"

కూతురు చేతిలో బట్ట ఆగింది. "నువ్వు పెద్ద టీచరువయ్యావు కదా. ఈపాటికి మారిపోయుంటుందనుకున్నా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది పెద్ద టీచరమ్మకు, తిరిగి ఒక మాట అని తేలికపడేది. మంచం అంచున కూర్చుని, మడత పెట్టిన బుల్లి గౌనునే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

మర్నాడు టీచర్లందరినీ పిలిచి, ఇక మీదట పిల్లలు దొడ్డికి వెళ్ళడానికి ఎవరినీ అడగక్కర్లేదని చెప్పింది.

"తరగతి సంతలా తయారవుతుంది మేడం," అన్నారు లెక్కల మాస్టారు.

"అవనివ్వండి మాస్టారూ. నవ్విన వాడి సంగతి మాత్రం నాకు వదిలెయ్యండి."

మొదట్లో ఒకటో తరగతి వాళ్ళే వెళ్ళారు. కొందరు సరదాకి కూడా వెళ్ళారు, మాస్టారు అన్నంతా అయింది. పెద్దపిల్లలు మాత్రం కదల్లేదు. వాళ్ళ కళ్ళలో ఇంకా అనుమానమే.

ఒక మధ్యాహ్నం అయిదో తరగతి టీచరు సెలవు పెడితే పెద్ద టీచరమ్మే ఆ తరగతి తీసుకుంది. బోర్డు మీద భిన్నాల కూడిక రాస్తుండగా వెనక బెంచీ చప్పుడైంది. ఆ పొడుగు పిల్ల లేచి, ఎవరి వైపూ చూడకుండా గుమ్మం వైపు నడుస్తోంది. 'ఎక్కడికి?' అన్న మాట పెద్ద టీచరమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. ఉద్యోగం పొడుగునా అలవాటైన మాట. పళ్ళు బిగించి ఆపుకుంది.

తరగతి తరగతంతా వెళ్ళే పిల్లను చూడడం లేదు, ఆవిడనే చూస్తోంది. ఆవిడ బోర్డు వైపు తిరిగి తరవాతి అంకె వేసింది. వెనకాల ఇంకో బెంచీ కదిలింది, ఆ వెంటనే మరొకటి. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ పూట లెక్క ముందుకు సాగనూ లేదు.