ఖాళీగా వదిలిన గడి

ఆ పంపుల కర్మాగారంలో సరుకులిచ్చే స్టోర్‌కు రెండు కిటికీలుండేవి. రెండో కిటికీలో గుమాస్తా చేతులు కట్టుకుని ఖాళీగా కూర్చున్నా, పనివాళ్ల వరుస మాత్రం మొదటి కిటికీ ముందే సాగేది. అక్కడ కూర్చునేది స్టోర్ కీపరు. కారణం అడిగితే అందరిదీ ఒకటే జవాబు: ఆయన చేతివాసి మంచిది. ఆయన చేత్తో ఇచ్చిన రబ్బరు రింగు పంపు అతుకులో బిగిస్తే నీరు కారదు, ఆయన ఇచ్చిన బోల్టు విరగదు.

ఇన్నాళ్లు నిలిచిన నమ్మకాన్ని ఊరికే కొట్టిపారేయనక్కరలేదు. విప్పి చూస్తే చాలు. స్టోర్ కీపరు ప్రతి రింగునూ ఇచ్చే ముందు కొద్దిగా సాగదీసి, వంపు మీద గోటితో నొక్కి చూసేవాడు. రబ్బరుకు వయసుంటుంది. వాడకుండా అరలో ఉంచినా అది లోలోపల గట్టిపడుతుంది, సాగదీస్తే వెంట్రుకంత సన్నని పగుళ్లు కనిపిస్తాయి. అలా ముదిరిన వాటిని ఆయన ఏరి, బల్ల కింద ఒక రేకు డబ్బాలో వేసేవాడు. కొలతలు సరిచూసుకోవడానికే అవి పనికివస్తాయి, ఒత్తిడికి ఆగవు. ఈ సంగతి ఇరవై నాలుగేళ్లలో ఆయన ఎవరికీ చెప్పలేదు. పనివాళ్లు దాన్ని అదృష్టమనుకుంటే అనుకోనిచ్చాడు. పనితనానికి మెచ్చుకోలు దొరుకుతుంది, మహిమకైతే దండాలే దొరుకుతాయి. ఆయనకు దండాలు అలవాటయ్యాయి.

అలాంటి చోటికి ఈఆర్‌పీ వచ్చింది. కొనుగోలు, నిల్వ, తయారీ, అమ్మకం అంటూ వేర్వేరు పుస్తకాల్లో, వేర్వేరు బుర్రల్లో ఉన్నవాటిని ఒకే చోట కూర్చే సాఫ్ట్‌వేర్ అది. దాని వెంట మనుషులూ వచ్చారు. తయారీ సంగతి చూసేవారొకరు, పాత వివరాలు ఎక్కించేవారొకరు, ఎవరు ఏ తెర తెరవవచ్చో అనుమతులిచ్చేవారొకరు. సరుకుల విభాగానికి వచ్చిన కన్సల్టెంటు మరెవరో కాదు, స్టోర్ కీపరుకు తోడల్లుడు.

పదకొండేళ్ల కిందట ఉద్యోగం లేక తిరుగుతున్న అతణ్ణి ఈ స్టోర్‌లోనే గుమాస్తాగా పెట్టించింది ఆయనే. అతడు ఆరు నెలలు పనిచేసి, ఏదో కోర్సు చదువుతానని వెళ్లిపోయాడు. ఇప్పుడు తిరిగి వస్తే అద్దాల గది ఇచ్చారు. స్టోర్ కిటికీలోంచి చూస్తే ఆ గది సూటిగా కనిపించేది. రోజుకు ఎన్నిసార్లు చూశాడో ఆయనే లెక్కపెట్టుకోలేదు.

"మరిది వచ్చాక ఆఫీసులో పనులన్నీ చకచకా అవుతున్నాయట, చెల్లి చెప్పింది," అంది ఇంట్లో భార్య.

"నట్టుకీ బోల్టుకీ తేడా నేర్పింది నేను. అది చెప్పలేదా మీ చెల్లి?"

"చెప్పింది. మీ దగ్గరే నేర్చుకున్నానని ఆయన అందరితో అంటాడట. మంచిదేగా, గురువును మించిన శిష్యుడు."

"శిష్యుడు మించితే గురువు మురిసిపోతాడని రాసినవాడికి తోడల్లుడు లేడేమో."

"బాగుంది. మీ కడుపుమంట మీద రెండు బిందెల నీళ్లు కాచుకోవచ్చు," అని ఆమె లోపలికి వెళ్లింది.

మరునాడే తోడల్లుడు ఒక పట్టిక పట్టుకుని స్టోర్‌కు వచ్చాడు. ప్రతి వస్తువుకూ కొన్ని గడులు. ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్లకు తెప్పించాలి, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది.

"అన్నయ్యా, ఈ రింగులకి నిల్వ కాలం ఏమైనా ఉందా? ఇన్ని నెలలు దాటితే వాడకూడదని?"

"సంచి మీద రాసుంటుందిగా."

"లేదన్నయ్యా. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఇది మీకు తప్ప ఎవరికీ తెలీదు."

ఆ చివరి మాట గౌరవంతోనే అన్నాడు. కాని స్టోర్ కీపరు చెవికి అది మరోలా వినిపించింది. ఈ ఒక్కటీ చెప్పేస్తే తన దగ్గర ఇంకేం మిగులుతుంది?

"మీ కంప్యూటరుకి అన్నీ తెలుసన్నారుగా, దాన్నే అడుగు."

"దానికేం తెలీదన్నయ్యా. మనం చెప్పిందే దానికి తెలుసు."

"నాకు తెలీదు. ఆ గడి ఖాళీగా వదిలెయ్."

తోడల్లుడు ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి, గడిని ఖాళీగా వదిలి తర్వాతి వస్తువుకు వెళ్లాడు.

కొత్త వ్యవస్థ మొదలయ్యే ముందు స్టోర్ మూసి, ఉన్న సరుకంతా లెక్కపెట్టారు. లెక్కకు వచ్చిన అమ్మాయి బల్ల కింది రేకు డబ్బాను బయటికి లాగింది.

"సార్, ఇవి కూడా అదే నంబరు రింగులేనా?"

"అదే నంబరు," అన్నాడు స్టోర్ కీపరు.

నిజమే, నంబరు అదే. అబద్ధమాడకుండా మోసం చేయాలంటే సగం నిజాన్ని మించిన సాధనం లేదు. నలభై మూడు ముదిరిన రింగులు మంచి రింగుల పక్కన మూడో వరుస నాలుగో అరలోకి చేరాయి. ఆయన చూస్తూ నిలబడ్డాడు.

తొమ్మిది రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. చీటీ మీద అర నంబరు అచ్చై వస్తుంది, ఎవరైనా తీసి ఇవ్వవచ్చు. దాంతో మొదటి కిటికీ ముందు వరుస పలచబడి, రెండో కిటికీకి పాకింది. మేనేజరు అందరి ముందూ తోడల్లుడి భుజం తట్టాడు. అత్తగారు ఫోన్ చేసి పెద్దల్లుణ్ణి కుశలమడిగినట్టే అడిగి, "చిన్నల్లుడు పక్కనే ఉంటే ఇస్తావా బాబూ, సలహా ఒకటి కావాలి," అంది. వెనకటి ఇరవై ఏళ్లూ ఆ సలహాలు అడిగింది ఈయననే.

పదో రోజు ఉదయం ఆయన కిటికీకే ఒక చీటీ వచ్చింది. ఆరు రింగులు, మూడో వరుస, నాలుగో అర. తీశాడు. అలవాటు కొద్దీ గోరు దానంతటదే వంపు మీద నొక్కింది. రబ్బరు చెక్కలా ఎదురు నిలిచింది.

ఆయనకు అర్థమైంది. కారుతుంది, పరీక్షలో ఒత్తిడి ముల్లు పడిపోతుంది, పంపు వెనక్కి వస్తుంది. ఎందుకిలా అయిందని అడుగుతారు. అప్పుడు ఆ అద్దాల గదిలో ముఖం ఎలా ఉంటుందో చూడాలి. ఈ ఆలోచనలో ఆయన కళ్లు అటే ఉన్నాయి గాని చీటీ చివరి వరుస మీద లేవు. వేడినీటి పంపు అని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. రింగులు కిటికీలోంచి అవతలికి ఇచ్చేశాడు.

మధ్యాహ్నం పరీక్షల గదిలోంచి పెద్ద చప్పుడు వినిపించింది. పంపులను ఒత్తిడికి పెట్టి పరీక్షించే ఆమె ముల్లు మీద నుంచి చూపు తిప్పదని అందరూ ముల్లక్క అంటారు. రింగు పగిలి మరుగునీరు చిమ్మి, ఆమె ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది.

స్టోర్ కీపరు వెళ్లేసరికి కర్మాగారం వైద్యగదిలో ఆమె చేతికి తడి గాజుగుడ్డ కప్పి ఉంది. నొప్పితో పళ్లు బిగించుకుంటూనే ఆమె ఆయనను ఓదార్చింది.

"నువ్వెందుకన్నా అలా అయిపోతావ్? ఆ కంప్యూటరు ఇచ్చిన రింగుకి నువ్వేం చేస్తావు. నీ చేత్తో ఇచ్చుంటే ఇలా అయ్యేదా? వచ్చినవాళ్లందరికీ అదే చెప్తున్నా."

ఆయన గోడ వైపు చూశాడు.

"నా చేత్తోనే ఇచ్చానమ్మా."

"అంటే?"

"నొక్కి చూసే ఇచ్చాను. ముదిరిపోయిందని తెలిసే ఇచ్చాను. మా తోడల్లుడికి మాట రావాలని. వేడినీళ్ల పంపని మాత్రం చూసుకోలేదు."

ముల్లక్క తన చేతికేసి, ఆయనకేసి మార్చి మార్చి చూసింది.

"చన్నీళ్లదైతే పర్లేదా అన్నా?"

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

"మీ తోడల్లుణ్ణి మేనేజరు గదికి పిలిచారట. నాకు చెప్పింది అక్కడ చెప్పు, వెళ్లు."

మేనేజరు గదిలో తోడల్లుడు నిలబడి ఉన్నాడు. "ఆ గడి ఖాళీగా ఉంటే వ్యవస్థ ముందుకు కదలకూడదని నియమం పెట్టాల్సింది నేను," అంటున్నాడు. "పెట్టలేదు. తెలీదంటే సరేనని వదిలేశాను. తప్పు నాదే సార్."

నెలల తరబడి స్టోర్ కీపరు చూడాలని కోరుకున్న దృశ్యం అది. తల వంచుకున్న తోడల్లుడు, ఎర్రబడ్డ మేనేజరు ముఖం, అన్నీ కోరుకున్నట్టే ఉన్నాయి. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం ఆయనకు తృప్తి కూడా కలిగింది. కలిగిన ఆ తృప్తిని చూసి తనకే భయమేసింది.

"తెలీదన్నది అబద్ధం సార్," అన్నాడు గుమ్మంలోంచే. డబ్బా సంగతి, లెక్కకు వచ్చిన అమ్మాయికి చెప్పిన సగం నిజం, ఉదయం కిటికీలోంచి ఇచ్చిన రింగులు, ఒకటి తర్వాత ఒకటి చెప్పుకొచ్చాడు. అసూయ అన్న మాట కూడా దాచలేదు.

విచారణ ముగిసేదాకా కిటికీ దగ్గర కూర్చోవద్దని మేనేజరు చెప్పాడు. స్టోర్ కీపరు తలూపాడు.

తోడల్లుడు క్షమించానని అనలేదు. అంత త్వరగా అనగలిగే మాట కాదది. కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీదే చూపు నిలిపి అడిగాడు.

"ఎన్ని నెలలన్నయ్యా?"

"ఇరవై నాలుగు. ఎండ తగిలే అరలో అయితే పద్దెనిమిదే. రాసుకున్నావా? సాగదీసి ఎలా చూడాలో కూడా రాయి. రెండో కిటికీ గుమాస్తాకీ నేర్పుతాను."

అతడు రాస్తున్నాడు. స్టోర్ కీపరు గుండెల్లో అసూయ ఇంకా చల్లారలేదు. ఒక్క పూటలో చల్లారే గుణం కాదది. అయినా చెప్పడం ఆపలేదు. తెలిసినదాన్ని పక్కవాడి మీది అసూయతో దాచుకుంటే ఆ దెబ్బ పక్కవాడి దగ్గర ఆగదు. ఏమీ తెలియక, మనల్ని నమ్మి చెయ్యి చాచిన మూడో మనిషికి తగులుతుంది.