ఇసుక డబ్బా

సోమవారం తొమ్మిదింటికి చర్చి సంగీత గురువు టోబియాస్ ఎకెల్మాన్ రాతబల్ల ముందు కూర్చునేవాడు. ఆదివారానికి కొత్త కృతి కావాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ బాల్టిక్ రేవు పట్నంలో అదే పద్ధతి. స్వరం రాయగానే సిరా పాడేది, ఆరిపోయేదాకా. ఎండాకాలంలో క్షణంలో ఆగిపోయేది. ముసురు పట్టిన రోజుల్లో ఒక్కో వరుస రొట్టె కాలేంతసేపు పాడేది. ఎదురింటి రొట్టెల గెషె కిటికీ తెరుచుకుని పిండి పిసుకుతూ, పాట మరీ ఏడుపుగా ఉంది, గురువుగారికి మళ్ళీ పన్నునొప్పి కాబోలు అనేది.

కొత్తగా పుట్టిన పాటకే సిరా పలికేది. నకలుకు పలికేది కాదు. కూతురు రెగీనా పదకొండేళ్ళుగా పాడేవాళ్ళకూ వాయించేవాళ్ళకూ నకళ్ళు రాస్తోంది. వంటింట్లో ఆమె బల్ల దగ్గర కలం గీరుకునే చప్పుడు తప్ప మరేదీ వినపడేది కాదు.

ఆ వసంతంలో ఎకెల్మాన్ కళ్ళకు పొర కమ్మింది. ఆయన చెబుతుంటే రెగీనా రాసింది. మొదట్లో సిరా బాగానే పాడింది. జూన్ వచ్చేసరికి ఆయన నాలుగు వరుసలు చెప్పి ఆగిపోసాగాడు. అవి కూడా ఎప్పుడో ఏడేళ్ళ కిందటివి. సిరా పలకలేదు.

"ఎండ ముదిరింది. వెంటనే ఆరిపోతోంది," అన్నాడాయన.

"అవును నాన్నా," అంది రెగీనా.

మధ్యాహ్నం ఆయన పిల్లలకు పాట నేర్పడానికి చర్చికి వెళ్ళగానే ఆమె మిగతాది తనే రాసేది. వరుస పూర్తి కాకముందే డబ్బాలోంచి గుప్పెడు ఇసుక చల్లి సిరా తడి పీల్చేసేది. ఆయన ఇంట్లో లేనప్పుడు పాట వీధిలోకి పోతే గెషెకు తెలుస్తుంది. గెషెకు తెలిస్తే సాయంత్రానికి నాన్నకు తెలుస్తుంది, తన తల ఖాళీ అయిందని.

ఇంట్లో పాట వినపడక మూడు నెలలైంది. ఆదివారం కృతి మాత్రం తప్పలేదు. ముసలాయన బీరువాలోని పాతవి దుమ్ము దులిపి వాడుకుంటున్నాడని పురసభ నిర్ణయానికొచ్చింది. అందుకే సెప్టెంబరు చివర మైకేల్ పండుగకు కొత్త మనిషి పనిలో చేరాలి. ఆనవాయితీ ప్రకారం వచ్చినవాడు పాత గురువు కూతుర్ని పెళ్ళాడాలి. అప్పుడే ముసలాయనకు మేడమీద గది మిగులుతుంది. లేకపోతే తండ్రీకూతుళ్ళిద్దరూ ఇల్లు ఖాళీ చేయాలి. ఎకెల్మాన్ కూడా అలా అల్లుడై వచ్చినవాడే.

యోఆహిమ్ ట్రెల్ అనే ఆ కొత్త మనిషి మర్యాదస్తుడు. వంటింట్లో చేపలు తోముతున్న రెగీనాతో, రోస్టాక్ పట్నంలో తను ప్రేమించిన అమ్మాయి ఉందని దాచకుండా చెప్పేశాడు.

"మరెందుకొచ్చారు?"

"మీ చర్చిలో ఆర్గాన్ వాయించడం కోసం."

"మంచిదే. అది వంట గురించి సణగదు," అంది రెగీనా.

ఆ సాయంత్రం ఎకెల్మాన్ నీళ్ళకోసం వంటింట్లోకి వచ్చాడు. చెప్పుల కింద ఏదో కరకరలాడింది. వంగి నేలమీద అరచేయి ఆనించి తడిమాడు.

"నకలుకు ఇసుకెందుకే? దానికేం తొందర?"

రెగీనా చీపురు అందుకుంది. ఆయన వేళ్ళమధ్య ఇసుక నలుపుతూ లేచాడు.

"ఎండ కాదన్నమాట," అన్నాడు.

తర్వాతి సోమవారం సముద్రం మీంచి పొగమంచు దిగింది. పురసభ పెద్ద మోరింగ్, ట్రెల్‌ను వెంటబెట్టుకుని పెళ్ళిమాట ఖాయం చేయడానికి వచ్చాడు. ఎకెల్మాన్ వాళ్ళను లోపలికి రానీయకుండా గుమ్మం మెట్లమీదే కబుర్లలో పెట్టాడు. నాన్న చర్చికి వెళ్ళాడనుకున్న రెగీనా లోపల చివరి బృందగానం మొదలుపెట్టింది. ఒక వరుస రాసి, ఇసుకకోసం చేయి చాచింది. డబ్బా అక్కడ లేదు.

సిరా పాట ఎత్తుకుంది. రెగీనా ఊదింది, నడుముకు కట్టుకున్న ఏప్రన్ కొసతో విసిరింది. మంచుకు అది ఆరలేదు. సగంలో ఉన్న పాట తర్వాతి వరుసను అడుగుతోంది. ఆమె రాసింది. ఆ తర్వాత ఆగలేకపోయింది.

వీధిలో చేపల బళ్ళు నిలిచిపోయాయి. మోరింగ్ ఎకెల్మాన్ వైపు తిరిగాడు.

"మీరిక్కడుంటే లోపల ఎవరండీ?"

"మా అమ్మాయి."

"మరి వేసవంతా ఆ చప్పుడే లేదే?"

ఎకెల్మాన్ కోటు జేబులోంచి ఇసుక డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టాడు. "వేసవంతా ఇది."

ట్రెల్ టోపీ తీశాడు. "ఈవిణ్ణి పెళ్ళాడి, ఈ పాటలమీద నా పేరు వేసుకోమంటారా? నాకు ఆర్గాన్ వాయించే పని ఒక్కటి ఇప్పించండి. ఆదివారం కృతి ఈ ఇంటినుంచే రానివ్వండి."

పురసభ మూడు రోజులు వాదించుకుంది. స్త్రీని గురువు అనడానికి నియమం ఒప్పుకోదు. చివరికి కృతులు 'ఎకెల్మాన్ ఇంటినుంచి' రావాలని దస్తావేజులో రాశారు. ఇల్లు వాళ్ళకే ఉంది. నవంబరులో రోస్టాక్ అమ్మాయి వచ్చి, ట్రెల్‌తో కలిసి పీపాలవాడి మేడమీద కాపురం పెట్టింది.

ఇప్పుడు ఆ డబ్బాలో ఎకెల్మాన్ పొగాకు దాచుకుంటున్నాడు. సోమవారం తొమ్మిదింటికి రెగీనా రాతబల్ల ముందు కూర్చుంటుంది. ఆయన పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని వింటాడు. పాట నెమ్మదిగా సన్నబడి ఆగిపోతుంది.

"ఆరిందా?"

"ఆరింది నాన్నా."

"అయితే ఇంకో వరుస రాయి."