మూడు పొరలు

యంత్రపు చెయ్యి ఉక్కు తీగను కరిగించి పోస్తూ రింగు చుట్టూ తిరుగుతోంది. కన్నయ్య నల్ల అద్దంలోంచి దాన్నే చూస్తున్నాడు. పోత పోస్తే మూడు నెలలు పట్టే రింగును రాయగడలోని ఈ షెడ్డులో పొర మీద పొర వేసి తొమ్మిది రోజుల్లో లేపుతున్నారు. ఇవాళ్టితో పూర్తి; ఇప్పటికి ఛాతీ ఎత్తుకు వచ్చింది. ఏదో మిల్లులో ఆవిరి డ్రమ్ము మూతికి బిగిస్తారట.

ముప్పై ఏళ్ళు వెల్డింగు చేసిన మనిషికి ఇప్పుడున్న పనల్లా కరిగిన ఉక్కుకు గాలి తగలకుండా కాపాడే గ్యాసు సిలిండరు మార్చడం, చూస్తూ కూర్చోవడం. అదీ పొద్దున చెడగొట్టాడు. సిలిండరు అయిపోయిందని కనిపెట్టేసరికి మూడు పొరలు గ్యాసు లేకుండానే పడ్డాయి. గాలి సోకిన లోహం లోపల జల్లెడవుతుంది. అప్పుడే చెప్పాలి. చెబితే పనిలోంచి తీసేస్తారు. సిలిండరు మార్చి, పక్కన పట్టిన మసిని బ్రష్షుతో రుద్దేశాడు. పైన మంచి పొరలు పడుతూనే ఉన్నాయి.

గుడారి దగ్గర బియ్యం మిల్లులో ఆవిరి గొట్టం పగలడం ఒకసారి చూశాడు. పక్కనున్నవాడి ఒంటి తోలు చొక్కాలా ఊడి వచ్చింది. అరవడానికి కూడా వాడికి వ్యవధి లేకపోయింది.

సూపర్‌వైజరు విమల్ కుమార్ వచ్చాడు.

"ఏటి బాబాయ్, సెమటలు కక్కుతన్నావు? కష్టపడేది మిషను కదేటి!"

"ఏట్లేదు బాబూ."

"రేపు లారీ వత్తాది. బిగించడానికి రాజ్‌కుమార్ ఎల్తాడు. ఆవిరి వొదిలినప్పుడు పక్కనే నిలబడి సూడమన్నాను."

రాజ్‌కుమార్ దసమంతపూర్ నుంచి వచ్చిన ఫిట్టరు. షెడ్డు బయట ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

కన్నయ్య నల్ల అద్దం తీసి పక్కన పెట్టాడు. లేచి యంత్రం ఆపాడు. వెనకటి రోజుల్లో ప్రతి వెల్డరూ తన అతుకు పక్కన తన నంబరు కొట్టేవాడు. పగిలితే ఎవడి పాపమో తెలియడానికి. యంత్రం వచ్చాక ఆ ఆనవాయితీ పోయింది. పెట్టె అడుగున వెతికి, తుప్పు పట్టిన తన పదిహేడో నంబరు అచ్చులు తీశాడు. రింగు పక్కన, చెడ్డ పొరల మీద వాటిని సుత్తితో కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

విమల్ కుమార్ పరుగెత్తుకొచ్చాడు. "పిచ్చెక్కిందేటి?"

"ఈ మూడు పొరలూ గ్యాసు లేకుండా పడ్డాయి బాబూ. తప్పు నాదే."

"పొద్దున్నే సెప్పడానికి నోరు పడిపోయిందేటి?"

"బయమేసింది."

"ఇప్పుడు పోయిందేటి బయం?"

"లేదు."

సాయంత్రానికి గేటు కార్డు లాగేసుకున్నారు. ఎవరూ గేటు దాకా రాలేదు. రాజ్‌కుమార్ కూడా తలెత్తలేదు. ప్రాణం మిగిలినవాడికి ఆ సంగతి ఎప్పుడూ ఆలస్యంగానే తెలుస్తుంది. కన్నయ్య స్టేషను రోడ్డు వైపు నడిచి, జనంలో కలిసిపోయాడు.

షెడ్డు గోడకు, మేకు మీద, అతని పాత తోలు ఏప్రాను వేలాడుతోంది. రవ్వలు కాల్చిన చిల్లుల్లోంచి గోడ సున్నం తెల్లగా కనిపిస్తోంది.