ఏకగ్రీవంగా ప్రేమమణిగారు

మా ఆయన జ్ఞానశేఖర్‌గారు కాలేజీలో సైకాలజీ పాఠం చెబుతారు. ఇంట్లోనూ చెబుతారు, జీతం లేకుండా. పాలవాడు ఆలస్యంగా వస్తే వాడు బద్ధకస్తుడని నేననుకుంటాను. "అదే నీ పొరపాటు ఆలిస్. మనం మనిషిని తప్పుపడతాం గానీ పరిస్థితిని చూడం. పాపం, గేదె తన్నిందేమో" అంటారాయన. అదే ఆయన చొక్కాకి ఇస్త్రీ లేకపోతే మాత్రం తప్పు పరిస్థితిది కాదు, నాది. పొద్దుటినుంచీ కరెంటు లేదని చెప్పినా సరే.

మారేడ్‌పల్లిలో మా వీధి వీధంతా ఈ పాఠాలు వినేసింది. వాటిల్లో ఆయనకు బాగా ఇష్టమైనది ఒకటుంది. దానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరుంది, నాకు నోరు తిరగదు. సంగతి మాత్రం తేలికే. మా చర్చి కార్యదర్శి ఏసురత్నంగారి అమ్మాయి పెళ్ళి భోజనంలో పప్పులో ఉప్పు లేదు. పంక్తిలో ప్రతివారికీ తెలిసింది. ప్రతివారూ పక్కవాళ్ళ మొహం చూశారు. వాళ్ళు హాయిగా తింటున్నారు కదా, నా నాలుకకే ఏదో అయిందనుకుని ఊరుకున్నారు. అందరూ చప్పటి పప్పు తిని, వంట బ్రహ్మాండమని చెప్పి మరీ వచ్చారు. "చూశావా, అందరి మనసులోనూ ఒకటే మాట. ఎవరికి వాళ్ళు తామొక్కరమే అనుకుంటారు" అని దారి పొడుగునా స్కూటరు మీద వివరించారు మా ఆయన. ఆ పప్పు ఆయనా మారు వేయించుకున్నారు లెండి.

మా చర్చిలో ప్రేమమణి టీచరుగారు ఆర్గన్ వాయిస్తారు. కాళ్ళతో తొక్కుతూ చేతులతో వాయించే పాత పెట్టె అది. దాన్ని గోడవైపు తిప్పి పెట్టారు కాబట్టి మాకు కనిపించేది ఆవిడ వీపూ, తెల్లటి ముడీ మాత్రమే. నేను పెళ్ళయి సికింద్రాబాదు వచ్చేనాటికే ఆవిడ ఆ స్టూలు మీద ఉన్నారు. ఈమధ్య కీర్తనలు కాస్త నెమ్మదించాయి. మాకేం రైలు అందుకోవాలని లేదు గనక ఎవరమూ బాధపడలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. మా ఆయన అందులో సభ్యులు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "టీచరుగారికి వీడ్కోలు చెప్పేస్తున్నాం. ఇకమీదట కుర్రాళ్ళు కీబోర్డు వాయిస్తారు. ఏకగ్రీవం" అన్నారు.

"మీకిష్టమేనా?"

"నాకా? అస్సలు లేదు. ఆ ఆర్గన్ లేకపోతే ఆదివారం ఆదివారంలా ఉండదు."

"మరి చెయ్యెందుకెత్తారు?"

"అందరూ ఎత్తారు ఆలిస్. సంఘం అభిప్రాయమని ఒకటుంటుంది కదా."

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఒంటరి మనిషి. ఆ స్టూలు కూడా లాగేస్తే ఇంకేం మిగులుతుంది? మర్నాడే రాంగోపాల్‌పేట్ వెళ్ళి కమిటీలో ఉన్న మేబెల్‌ని పట్టుకున్నాను.

"నాకెందుకు ఇష్టముంటది ఆలిస్? గా కీబోర్డు మోతకు తలకాయ పగిలిపోతది. గని మీ సారే చెయ్యి లేపిండు గదా! గంత సదువుకున్నోళ్ళే లేపినంక నేనెందుకు పరేషాన్ చెయ్యాలె అని నేను సుత లేపిన" అంది మేబెల్.

ఏసురత్నంగారిని అడిగితే పాస్టరుగారి కోరికేమో అనుకున్నానన్నారు. పాస్టరుగారిని అడిగితే ఏసురత్నంగారు ప్రస్తావన తెచ్చారు గనక సంఘం కోరికే అనుకున్నానన్నారు. ఏసురత్నంగారు అసలు తెచ్చిన ప్రస్తావన ఏమిటయ్యా అంటే, ఆర్గన్‌లో గాలి కొట్టే తిత్తికి చిల్లు పడిందని.

ఇదంతా చెబితే మా ఆయన సిగ్గుపడతారనుకున్నాను. ఎగిరి గంతేశారు. "అచ్చం పప్పు కేసు! కళ్ళెదుట ఉదాహరణ!" అన్నారు. అందులో ఉప్పు వెయ్యని చెయ్యి తనది కూడానన్న సంగతి ఆయనకి తట్టనే లేదు.

వీడ్కోలు ఆదివారం టీచరుగారు కొత్త నేతచీర కట్టుకుని మూడో వరుసలో కూర్చున్నారు. ఒళ్ళో పాటల పుస్తకం తెరిచి ఉంది. మొహం ఎర్రబడి ఉంది. "పాపం, ఏడుపు దిగమింగుకుంటున్నారు" అని వెనక ఎవరో అన్నారు. నేనూ కొంగుతో కళ్ళొత్తుకున్నాను.

ఆరాధన మొదలుకాకముందే మా ఆయన లేచి మైకు అందుకున్నారు. పొడుగాటి పేరుతో మొదలుపెట్టి, పప్పుతో సహా మొత్తం పాఠం చెప్పారు. ఏసురత్నంగారు ఎక్కడ చూడాలో తెలియక ఫ్యాను చూశారు. "టీచరుగారు నిజంగా మానేయాలని ఎవరికి ఉందో చెయ్యెత్తండి" అన్నారు మా ఆయన. ఒక్క చెయ్యి లేవలేదు. చప్పట్లతో చర్చి మారుమోగింది. వీడ్కోలు శాలువా సన్మాన శాలువా అయిపోయింది. టీచరుగారిని చెరో జబ్బా పట్టుకుని ఆర్గన్ దాకా నడిపించారు. ఆవిడ ఆ పెట్టెను చూశారు, మమ్మల్ని చూశారు.

"మీ అందరికీ అంత ఇష్టమైతే... సరే" అన్నారు.

మళ్ళీ మాకు వీపు మిగిలింది.

అయ్యాక చర్చి ఆవరణలో టీ. మా ఆయన చుట్టూ జనం చేరి అభినందిస్తున్నారు. టీచరుగారు మెట్ల పక్క బెంచీ మీద ఒక్కరే కూర్చుని, టీ వద్దు, వేణ్ణీళ్ళుంటే ఇమ్మన్నారు. ఇచ్చాను. తాగలేదు. గ్లాసు చుట్టూ రెండు చేతులూ చుట్టుకున్నారు. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఆ చేతులు వింటున్నానే గానీ చూసింది అప్పుడే.

"నొప్పా టీచరుగారూ?"

"చాన్నాళ్ళయిందమ్మా. వాయిస్తూ పాడలేను నేను. అందరూ పాడుతుంటే గోడ చూస్తూ కూర్చోవడమే. ఇవాళ మూడో వరుసలో కూర్చుని నోరారా పాడదామని రాత్రి నిద్ర కూడా పట్టలేదు" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? అందరూ అంత ప్రేమగా అడుగుతుంటే... వద్దనిపించింది నా ఒక్కదానికే కదా."

ఆవిణ్ణి తీసేయడానికి చేతులెత్తారు, ఉంచేయడానికి చప్పట్లు కొట్టారు. నేను ఊరంతా తిరిగి ఆరా తీశాను. నాతో సహా ఎవరమూ ఆవిణ్ణి అడగలేదు.

"ఏమండీ, ఇలా రండి!" అని కేకేశాను.

మా ఆయన టీ కప్పుతో సహా వచ్చారు. టీచరుగారి కళ్ళు చూసి, "చూశావా ఆలిస్, ఆనందబాష్పాలు!" అన్నారు.

"కూర్చోండి. పాఠం చెప్పకుండా ఒక్క ప్రశ్న అడగండి ఆవిణ్ణి" అన్నాను.

ఆయన అలవాటు కొద్దీ పక్కవాళ్ళ మొహాల కోసం చూశారు. పక్కన ఎవరూ లేరు. అప్పుడు ఆవిడ చేతులు కనిపించాయి ఆయనకి. కప్పు పక్కన పెట్టి బెంచీ మీద కూర్చున్నారు.

"మీకు... వాయించాలని ఉందా టీచరుగారూ?"

"లేదు బాబూ" అన్నారావిడ, వెంటనే.

మరుసటి ఆదివారం కుర్రాళ్ళ కీబోర్డు మోగింది. మేబెల్ చెవుల్లో దూది పెట్టుకుని వచ్చింది. ప్రేమమణిగారు మూడో వరుసలో నిలబడి గొంతెత్తి పాడారు. అన్నేళ్ళు మాచేత పాడించిన ఆవిడకి శ్రుతి లేదని ఆ రోజే తెలిసింది. ప్రతివారికీ తెలిసింది. ప్రతివారూ పక్కవాళ్ళ మొహం చూసి, తమ చెవికే ఏదో అయిందనుకుని ఊరుకున్నారు.

మా ఆయన కూడా. ఆ రోజు దారిలో ఆయన ఏ పాఠమూ చెప్పలేదు.